బంటుకు దక్కిన చిన్న పదవి

చదరంగపు చిక్కులకు పైన “తెల్ల ఆడి గెలువవలెను” అని ఒక ముక్క వ్రాసి యుండును. విద్యార్థికి సగము జవాబు అక్కడనే చేతికందును. ఇక అనుమానించు పని వానికి మిగులదు.

1895లో గ్లాస్గో నగరపు వారపత్రిక యొకదానిలో బార్బియే అనునాతడు ఒక చిక్కు ప్రకటించెను. బల్లపై నాలుగే కాయలు: తెల్లరాజు బి6లో, తెల్లబంటు సి7లో, నల్లరాజు ఎ1లో, నల్ల ఏనుగు డి5లో. నల్ల ఆడి ఆటను సరిచేయవలెనని షరతు. ఆ నగరముననే యుండిన స్పెయిను దేశపు మతాచార్యుడు ఫెర్నాండో సావెద్రా ఆ షరతునే శంకించెను.

ఏనుగు డి6 నుండి రాజును బెదరించును. రాజు సి5కు పోయిన ఏనుగు డి1కి దిగును. బంటు మంత్రి కాగానే సి1 నుండి రాజును తొలగించి, వెనుకనున్న మంత్రిని చంపును. కావున రాజు బి5, బి4, బి3 గడులమీదుగా దిగవలెను. చివరి బెదరింపు డి3 నుండి రాగా సి2కు తప్పుకొనును. అప్పుడు ఏనుగు డి4లో వల పన్నును. బంటు సి8లో మంత్రియైనచో ఏనుగు సి4కు వచ్చి ప్రాణమిచ్చును. మంత్రి దానిని చంపినంతనే నల్లరాజునకు కదల గడి లేదు, మీద దాడియు లేదు, ఆట సరి!

సావెద్రా బంటును మంత్రిని గాక ఏనుగును చేసెను. ఎ8లో ఆటకట్టు తప్పించుటకు నల్ల ఏనుగు ఎ4కు పరుగిడవలెను. తెల్లరాజు బి3కు జరుగును. ఎ4లోని ఏనుగునకు ముప్పు, సి1లో ఆటకట్టు. రెంటిని ఒక్క ఎత్తుతో కాచుట అసాధ్యము. (మన దేశపు పాత ఆటలో పలుచోట్ల బంటు చేరిన గడికి చెందిన కాయయే కావలెను. ఆ లెక్కన సి8లో శకటము పుట్టును. ఈ కథయే యుండదు.)

నేడు ఏడు కాయలలోపు స్థితుల ఫలితమును కంప్యూటరు పట్టికలు క్షణములో చెప్పును. జవాబు ఇంత చౌకయైనప్పుడు బడిలో దానికై తొందర యేల? ఒకటి రెండెత్తుల చిక్కులు నేర్చు పసివారికి గమ్యము చెప్పుట న్యాయమే. పెద్ద తరగతులవారికి మాత్రము కాయలు నిలిపి, ఎత్తు ఎవరిదో చెప్పి, ఉపాధ్యాయుడు ఊరకుండుట మేలు. రెండు దినములు నల్లబల్లపై ఉండనీయవచ్చును. మంత్రిని చేసి “ఆట సరి” యని వచ్చినవానికి మార్కులు కోయక, మరల బల్లవద్దకే పంపవలెను.