పంచాయతీ పద్దులు రాసేవారికి తగిన జీతం ఇవ్వాలి

15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు దేశంలోని స్థానిక సంస్థలకు సుమారు 4.36 లక్షల కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. దానికో షరతు కూడా పెట్టింది. నిరుటి తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటి ఏడాది ఆడిట్ పూర్తయిన లెక్కలు అందరికీ కనబడేలా ఆన్‌లైన్‌లో ఉండాలి. 2023-24 నుంచి ఈ రెండూ ఉన్న సంస్థలకే గ్రాంటు. అంటే ఊరికి మంచినీటి పైపు పడాలన్నా, మురుగు కాలువ బాగుపడాలన్నా ముందు పద్దులు సరిగ్గా ఉండాలి.

గ్రామ పంచాయతీలో ఆ పద్దులు చూసేది చాలాచోట్ల ఒక్కరే, పంచాయతీ కార్యదర్శి. తెల్లవారితే పారిశుద్ధ్య కార్మికుల హాజరు, ఆపైన వీధిదీపాలు, జనన మరణ నమోదు, ఇళ్ల అనుమతులు, ఇంటి పన్ను వసూళ్లు, పైఅధికారుల సమీక్షలు. వీటి మధ్య దొరికిన సమయంలో నగదు పుస్తకం, ఓచర్లు, డిమాండు రిజిస్టరు, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో నమోదులు. తెలంగాణలో 12 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 13 వేలకు పైగా పంచాయతీలు ఉన్నాయి. వీటిలో లెక్కలకంటూ చదువుకున్న మనిషి ఉన్నవి అరుదు. కార్యదర్శి ఉద్యోగానికి అడిగే అర్హత ఏదో ఒక డిగ్రీ. చరిత్రో వృక్షశాస్త్రమో చదివి వచ్చినవారు పద్దుల పని ఉద్యోగంలో చేరాకే, అదీ ఎక్కువగా సొంతంగానే నేర్చుకోవలసి వస్తోంది.

అది తేలిక పని కాదు. ఒక సీసీ రోడ్డు బిల్లు తీసుకుంటే చాలు. కాంట్రాక్టరు వ్యక్తి అయితే 1 శాతం, సంస్థ అయితే 2 శాతం ఆదాయపు పన్ను మినహాయించాలి. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ కింద మరో 2 శాతం పట్టాలి. నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు, కంకర ఇసుకల మీద సీనరేజి రుసుము వేరు. ఒక్కో మినహాయింపు ఒక్కో ఖాతాకు, ఒక్కో గడువులోగా చేరాలి. ఆదాయపు పన్ను మినహాయింపు వివరాలు ఆలస్యంగా దాఖలు చేస్తే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. ఇవన్నీ సరిగ్గా చేసినా, చెల్లింపు ఏ నిధి నుంచి జరిగిందన్నది ఇంకో ప్రశ్న. 15వ ఆర్థిక సంఘం గ్రామీణ సంస్థలకు ఇచ్చిన మామూలు గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నది షరతు. రోడ్డు బిల్లు ఆ పద్దులో పడితే ఆడిట్ అభ్యంతరం తప్పదు. అభ్యంతరం తేలకపోతే సర్‌ఛార్జీ సర్పంచి మీదకో, కార్యదర్శి మీదకో వస్తుంది. ఒక్క రూపాయి తినని మనిషి కూడా పద్దు తెలియక బాకీదారు కావడం అన్యాయం.

పురపాలక సంఘాల్లో పని ఇంకా బరువు. అక్కడ జంటపద్దు విధానంలో ఆస్తులు, అప్పులు, రావలసిన పన్నులు అన్నీ చూపాలి. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల బాండ్లు అమ్మింది. అదే ఏడాది విశాఖ నగరపాలక సంస్థ కూడా మార్కెట్‌కు వెళ్లింది. ఆడిట్ అయిన లెక్కలు లేని పట్టణానికి అప్పిచ్చేవారు ఉండరు.

ఇంత పనికి ఇచ్చిన జీతమెంత? తెలంగాణలో 2019లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులకు నెలకు 15,000 రూపాయలు ఏకమొత్తంగా నిర్ణయించారు. 2021లో అది 28,719 అయింది. క్రమబద్ధీకరణ కోసం వారు 2023 ఏప్రిల్ చివర్లో సమ్మె చేయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందికి కూడా ప్రొబేషన్ కాలంలో అదే 15,000 ఇచ్చారు. పొరుగు సేవల కింద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్లకు ఆ మాత్రం భరోసా కూడా లేదు. టాలీ, జీఎస్టీ వచ్చిన బీకాం పట్టభద్రుడు ఇలాంటి ఉద్యోగంలో నిలవడు. గ్రూప్ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఉండి వెళ్లిపోతాడు. అతని వెంటే ఊరి లెక్కల అనుభవమూ పోతుంది.

న్యాయమైన జీతమెంతో తేల్చడానికి కొలతలు చేతిలోనే ఉన్నాయి. ఖజానా శాఖ జూనియర్ అకౌంటెంటుకు, ఆడిట్ శాఖ జూనియర్ ఆడిటరుకు ప్రభుత్వం పే స్కేలు, కరువు భత్యం, ఇంక్రిమెంట్లు ఇస్తోంది. పంచాయతీ బిల్లును తనిఖీ చేసేవారికి దక్కే స్కేలును ఆ బిల్లును తయారుచేసేవారికి చేరిన రోజు నుంచే ఇవ్వకపోవడానికి కారణం కనిపించదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని, రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం వారికి దక్కాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో తీర్పు చెప్పింది. రెండో కొలత బజారు: దగ్గరి పట్టణంలో అకౌంటెంటుకు దొరికే జీతం. దానికన్నా తక్కువ ప్రకటిస్తే నోటిఫికేషన్ ఇచ్చినా పనికొచ్చేవారు రారు. జీతంతోపాటు వాణిజ్యశాస్త్రంలో అర్హత, అకౌంట్ టెస్టు, పైకెదిగే పదోన్నతి దారి కూడా రాసిపెట్టాలి.

డబ్బు ఎక్కడినుంచి అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆర్థిక సంఘం గ్రాంటును జీతాలకు వాడకూడదు. చిన్న పంచాయతీ ఇంటి పన్ను ఒక్క జీతానికి కూడా చాలదు. అందుకే ఈ భారం రాష్ట్రం మోయాలి. రాజ్యాంగంలోని 243-ఐ అధికరణం ప్రకారం అయిదేళ్లకోసారి ఏర్పడవలసిన రాష్ట్ర ఆర్థిక సంఘం ఈ ఖర్చును లెక్కకట్టి సిఫారసు చేయవచ్చు. నాలుగైదు చిన్న పంచాయతీలకు కలిపి ఒక అకౌంటెంటును ఇచ్చినా పని సాగుతుంది. కర్ణాటక పంచాయతీల్లో అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టులు ఎప్పటినుంచో ఉన్నాయి. జమ్మూ కశ్మీర్ 2020లో పంచాయతీల కోసమే అలాంటి నియామకాలకు ప్రకటన ఇచ్చింది. తెలుగు రాష్ట్రాలకు ఇది చేతకాని పని కాదు.

కాబట్టి రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు విజ్ఞప్తి: స్థానిక సంస్థల్లో ప్రత్యేక అకౌంటెంటు పోస్టులు మంజూరు చేసి, నోటిఫికేషన్‌కు ముందే ఖజానా శాఖతో సమానమైన స్కేలు ఖరారు చేయాలి. సర్పంచులు, పురపాలక సభ్యులు తమ పాలకవర్గాల్లో ఇందుకు తీర్మానం చేసి ప్రభుత్వానికి, రాష్ట్ర ఆర్థిక సంఘానికి పంపాలి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఈసారి గ్రామసభకు వెళ్లే ప్రతి ఓటరూ తమ ఊరి లెక్కలు ఎవరు రాస్తున్నారో, వారికి ఎంత ఇస్తున్నారో అడిగి, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించాలి.