గ్రాంథికమా, వ్యావహారికమా? వెబ్‌పుటల్లో ఒక పాత తగవు

వెబ్‌సైటు కట్టడం మొదలుపెట్టిన విద్యార్థి ఎవరైనా సరే, ఏదో ఒకనాడు ఈ చిక్కులో పడక తప్పదు. పుట చక్కగా కనిపిస్తోంది, బొమ్మలు వస్తున్నాయి, లింకులు పనిచేస్తున్నాయి. తీరా దాన్ని తప్పులు పట్టే వాలిడేటరుకు అప్పగిస్తే ముప్పై తప్పులున్నాయంటుంది! కళ్ళెదుట కనిపించేదాన్ని నమ్మాలా, యంత్రం చెప్పేదాన్ని నమ్మాలా? వినడానికి సాంకేతికమైన ప్రశ్నే గాని, తెలుగువాళ్ళకు ఇదేమీ కొత్త తగవు కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారి కాలంలో మనం దీన్ని చాలా గట్టిగానే వాదించుకున్నాం.

వెబ్‌పుటల ప్రపంచంలో గ్రాంథికవాదం 2000 జనవరిలో గద్దెనెక్కింది. అంతకు నెల రోజుల ముందే, 1999 డిసెంబరులో, హెచ్‌టీఎంఎల్ 4.01 ప్రమాణం వెలువడింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం పెద్దలు ఇక ఈ హెచ్‌టీఎంఎల్‌ను కొత్తగా వచ్చిన ఎక్స్‌ఎంఎల్ కట్టుబాట్లలోకి తేవాలనుకొని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 ప్రకటించారు. ట్యాగులన్నీ చిన్న అక్షరాల్లోనే వ్రాయాలి. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. విలువలకు కొటేషను గుర్తులు తప్పనిసరి. ఇంతవరకూ బాగానే ఉంది; శుభ్రంగా వ్రాయమంటే కాదనేదెవరు? అసలు మెలిక శిక్షలో ఉంది. ఎక్స్‌ఎంఎల్ నియమం ప్రకారం, కూర్పులో ఒక్క దోషం కనబడితే చాలు, చదివే యంత్రం అక్కడితో ఆగిపోవాలి. ఫైర్‌ఫాక్సు బ్రౌజరైతే పుటకు బదులు పసుపుపచ్చ తెర మీద దోషం ఏ వరుసలో ఉందో చూపించి ఊరుకునేది. పాఠకుడెవరో పంపిన మాటల్లో ఒక విడి ఆంపర్‌శాండ్ గుర్తు దొర్లితే, దాన్ని సరిచేయకుండా పుటలో చేర్చితే, వ్యాసమంతా మాయం! ఒక అరసున్న తప్పిందని పరీక్ష పేపరు మొత్తం చించేసినట్టన్నమాట.

ఇంత కఠినమైన నియమాన్ని నిజంగా పాటించినవారెందరు? బహు తక్కువ. వేలాది సైట్లు నెత్తిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని నామం పెట్టుకొని, సర్వరు నుంచి మాత్రం మామూలు హెచ్‌టీఎంఎల్ పేరుతోనే బయలుదేరేవి. బ్రౌజరు వాటిని హెచ్‌టీఎంఎల్‌గానే చదివి, తప్పులు తనే సర్దుకునేది. అలా చేయక గత్యంతరమూ లేదు. అప్పట్లో ఎక్కువమంది వాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు అసలు సిసలు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ చదవడం 2011లో తొమ్మిదో వెర్షను వచ్చేదాకా చేతకాలేదు. గ్రాంథికమే వ్రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే తప్పులు ఏరి చూపించారు గిడుగువారు. వెబ్‌లోనూ అదే జరిగింది.

తరువాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపేరా సంస్థల మనుషులు కొందరు వేరుకుంపటి పెట్టి హెచ్‌టీఎంఎల్‌నే పెంచడం మొదలుపెట్టారు. లోకాన్నంతా ఒక్కసారిగా ఎక్స్‌ఎంఎల్‌కు మళ్ళించే ప్రయత్నం ఫలించలేదని, వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీయే 2006లో ఒప్పుకున్నారు. పాత పుటలతో పొత్తు కుదరని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని ఆపేస్తున్నట్టు 2009లో ప్రకటించారు. 2014లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణమైంది. 2019లో రెండు కుంపట్లవాళ్ళూ రాజీపడి ఒకే హెచ్‌టీఎంఎల్ చాలనుకున్నారు.

అయితే ఇష్టం వచ్చినట్టు వ్రాయవచ్చా? వ్యావహారికమంటే వ్యాకరణం లేని భాష అని ఆనాడు ఎద్దేవా చేసినవాళ్ళు ఇలాగే అడిగారు. హెచ్‌టీఎంఎల్5 చేసిన ఘనకార్యం ఏమిటంటే, తప్పు వ్రాస్తే బ్రౌజరు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కూడా వివరంగా వ్రాసిపెట్టడం. అంతకుముందు ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క రకంగా ఊహించుకునేది; వ్రాసేవాడు అందరికీ విడివిడిగా సేవ చేసుకోవాల్సి వచ్చేది. వాడుక ఎలా ఉందో చూసి దానికి వ్యాకరణం కట్టడమంటే ఇదే మరి. నా మటుకు నేను ఇప్పటికీ తెరిచిన పేరా ట్యాగును మూస్తాను, మూయకపోయినా ప్రమాణం ఒప్పుకుంటుందని తెలిసినా సరే. ఈపబ్ పుస్తకాలు తయారుచేసేవారికి ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పద్ధతి నేటికీ తప్పనిసరి. అచ్చుకు వెళ్ళే ముందు ప్రూఫు దిద్దినట్టే అక్కడ పుస్తకం బయటికి పోకముందే తప్పులు దిద్దుకోవచ్చు, కాబట్టి ఆ కట్టుబాటు అక్కడ తగినదే.

ఇక మన సంగతి. పై వాదాలన్నిటికంటే తెలుగు పుటకు ముఖ్యమైన ఎంపిక వేరే ఉంది, దాన్ని మనవాళ్ళు చాలాకాలం పట్టించుకోలేదు. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షనులోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగు తెచ్చింది. అయినా ఎన్నో తెలుగు సైట్లు ఎవరి ఫాంటు వారే పెట్టుకొని, లోపల ఇంగ్లీషు అక్షరాలు నింపి, పైకి తెలుగు వేషం వేసి ఏళ్ళ తరబడి నడిచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో చూస్తే పిచ్చిగీతలే. అలాంటి పుట ట్యాగులు వాలిడేటరులో నూటికి నూరు మార్కులతో నెగ్గవచ్చు. దాంట్లో తెలుగు మాత్రం ఒక్క ముక్క ఉండదు. వెతికితే దొరకదు. చూపులేని విద్యార్థికి చదివిపెట్టే స్క్రీన్ రీడరు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వల్లిస్తుంది.

ఆ ఫాంట్ల పీడ చాలావరకు వదిలింది గాని, దాని తమ్ముడొకడు కాలేజీ సైట్లలో కాపురం పెట్టాడు. నోటీసు టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, సంతకం పెడతారు, స్కాన్ చేస్తారు, ఆ బొమ్మను సైటులో అతికిస్తారు! పరీక్ష ఫీజు గడువు ఏనాడో ఆ బొమ్మలో ఉంటుంది. కళ్ళున్నవాళ్ళు ఫోనులో పెద్దది చేసుకొని చదువుకుంటారు. కళ్ళులేనివాళ్ళు పక్కవాణ్ణి అడగాలి. డిగ్రీ చదివే మనిషి తన ఫీజు తేదీ తను చదువుకోలేకపోవడం ఏ ప్రమాణం ప్రకారం ఒప్పు? అదే నోటీసును యూనికోడ్ తెలుగులో, శీర్షికకు శీర్షిక ట్యాగు, పేరాకు పేరా ట్యాగు పెట్టి వ్రాసి, పుట భాష తెలుగని పైన ఒక్క మాట చేర్చడానికి పది నిమిషాలు పడుతుంది. సంతకమున్న కాగితం బొమ్మే ఉండాలని ఆఫీసువారు అంటే, అదీ కింద ఉంచవచ్చు.

యూనియను ఈ ఏడు సైటును తిరగగట్టాలనుకుంటే మంచిదే. రంగులూ, కదిలే బొమ్మలూ తరువాత చూసుకోవచ్చు. ముందు నోటీసుబోర్డుతో మొదలుపెట్టి, పాత సావనీర్లను స్కాన్ బొమ్మలుగా వదిలేయకుండా పాఠంగా ఎక్కించే పని చేపట్టాలి. తలా నాలుగు పుటలు టైపు చేస్తే ఒక సంచిక ఒక సెలవుల్లో పూర్తవుతుంది. ప్రూఫులు దిద్దడానికి తెలుగు శాఖవారిని అడగవచ్చు. అరసున్నల విషయంలో కాస్త పట్టువిడుపు చూపమని ముందే మనవి చేసుకుంటే సరి.