తాళం చెవి లోపల ఉండాలి



2024 డిసెంబరు 4న పొద్దున 7.27కి భూమి కదిలింది, గుర్తున్నదా? కొందరం నల్లా దగ్గర ఉన్నం, కొందరం జడలు వేసుకుంటున్నం. కిటికీలు గలగలమంటే ఆలేరు స్టేషన్ల గూడ్సు బండి పోతున్నదనుకున్నం. ములుగు జిల్లా మేడారం దిక్కు భూకంపం వచ్చిందని, తీవ్రత 5.3 అని తర్వాత తెలిసింది. ఆ రోజంతా అదే ముచ్చట, మరునాటికి మరిచిపోయినం.

అది రాత్రి వచ్చి ఉంటే? మన పాత నల్లగొండ జిల్లాలనే 2020 జనవరి 26న అర్ధరాత్రి దాటినంక చింతలపాలెం, మేళ్లచెరువు దిక్కు భూమి కదిలితే జనం ఇండ్లు విడిచి బయటికి ఉరికిండ్రు.

మనది రాతి నేల, మనకేం కాదు అని కొందరు అంటరు. మహారాష్ట్రల కిల్లారి ప్రాంతం కూడా మ్యాపుల్లో అతి తక్కువ ప్రమాదం ఉన్న చోటనే ఉండేది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3.56కి అక్కడ భూకంపం వచ్చింది. అందరు నిద్రల ఉన్నరు. మట్టితో పేర్చిన రాతి గోడలు, బరువైన మట్టి కప్పులు మీద పడి పది వేల మంది దాకా చనిపోయిండ్రు.

భూమి కదులుతున్నంతసేపు ఉరుకవద్దు, బల్ల కింద దూరి తల కాపాడుకోవాలి, ఆగినంక బయటికి పోవాలి అంటరు. మంచిదే. మరి తలుపుకు తాళం ఉంటే ఎటు పోవాలి? రాత్రి మన గదికి బయట నుంచి తాళం పడుతది. చెవి మేడం గారి దగ్గర, ఆ గది వరండా ఆ చివర. తాళం మన రక్షణ కోసమే, నేను కాదనను. ఆడపిల్లల హాస్టల్ కదా. కానీ లోపల నుంచి తాళం వేసి, చెవి తలుపు పక్కన మేకుకు తగిలిస్తే ఏమవుతది? పెద్ద అక్క ఒకరు చూసుకుంటరు. కరెంటు పోయినా చేతికి దొరుకుతది.

ఇంకొకటి, తలకాడ రేకు పెట్టెలు మూడు మూడు పేర్చుతున్నం. అవి మంచం కింద పెట్టుకుందాం. దీనికి ఎవరి పర్మిషను అక్కర లేదు.

సెలవులకు పోయినప్పుడు తండాల మా ఇంటి రేకుల మీద బండలు చూసిన. తీసేద్దాం అంటే "గాలికి రేకులు లేచిపోతే నువ్వు తెస్తవా?" అన్నది మా యాడి. నా దగ్గర జవాబు లేదు. బోల్టులు కొట్టించాలంటే పైసలు కావాలి.

చెవికి మాత్రం ఒక్క మేకు చాలు. ఈ కాగితం కింద జాగ విడిచిన. మేడం గారు, అక్కలు మీ అభిప్రాయం రాయగలరు.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని