అట్ట మీద లేని పేరు

క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక సంఘానికి,

పక్కవాద్యకారులను గౌరవించడం మీకు కొత్త కాదు. 2000లో వాళ్ల కోసమే ఒక విభాగం తెరిచి హాల్ బ్లేన్, జేమ్స్ జేమర్సన్ వంటివారిని చేర్చుకున్నారు. నాయకుడిని ఒక్కడినే తీసుకుని వదిలేసిన క్రికెట్స్, మిరాకిల్స్ తదితర ఆరు బృందాలను 2012లో పిలిచి పీట వేశారు. కెప్టెన్ బీఫ్‌హార్ట్ మ్యాజిక్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ ఫ్రెంచ్ పేరును కూడా అదే న్యాయంతో పరిశీలించమని కోరుతున్నాను.

1969లో ఈ బ్యాండ్ నుంచి వచ్చిన ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ 28 ట్రాకుల డబుల్ ఆల్బమ్. నిర్మాత ఫ్రాంక్ జప్పా. కెప్టెన్ బీఫ్‌హార్ట్ పేరుతో పాడిన బ్యాండ్ నాయకుడు డాన్ వాన్ వ్లీట్‌కు పియానో వాయించడం రాదు. అయినా దాని ముందు కూర్చుని, తోచినట్టు మెట్లు నొక్కుతూ ముక్కలు ముక్కలుగా స్వరాలు పుట్టించేవారు. ఫ్రెంచ్ వాటిని స్వరలిపిలో రాసుకుని, ఏది గిటార్‌కు, ఏది బేస్‌కు అని పంచి, దేని వెనక ఏది రావాలో కుదిర్చి, ఒక్కొక్కరికీ నేర్పేవారు. ఒక గిటార్ అయిదేసి, ఇంకొకటి నాలుగేసి దెబ్బల లెక్కన నడిస్తే ఇరవై దెబ్బలు తిరిగాక గానీ రెండూ కలవవు. అలాంటి నడకల మధ్య ఎవరూ దారి తప్పకుండా డ్రమ్స్‌తో పట్టి ఉంచిందీ ఆయనే. లాస్ ఏంజెలెస్ శివారు వుడ్‌లాండ్ హిల్స్‌లోని ఇంట్లో, అరాకొరా తిండితో నెలల తరబడి ఈ సాధన సాగింది. తీరా ఆల్బమ్ బయటికి రాకముందే ఫ్రెంచ్‌ను ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టారు. అట్ట మీద ఆయన పేరే లేదు.

ఊహ వాన్ వ్లీట్‌దే కదా, ఫ్రెంచ్ రాసుకున్నారు, అంతే కదా అని మీలో కొందరు అనవచ్చు. ఆ గొంతు, ఆ మాటలు, ఆ తెగింపు వాన్ వ్లీట్‌వే, సందేహం లేదు. కానీ మామూలు రాక్ బ్యాండ్‌లో నాయకుడు నాలుగు కార్డ్స్ చెబితే చాలు, మిగతాది చేతుల అలవాటే నడిపిస్తుంది. ప్రయోగం చేసే బ్యాండ్‌కు ఆ అలవాటు పనికిరాదు. ఏ స్వరం ఎక్కడ పడాలో ఎవరో ఒకరు తేల్చి తీరాలి. తాను వాయించినదాన్నే మళ్లీ అలాగే వాయించలేని నాయకుడి దగ్గర ఆ తీర్పు రాసేవాడి చేతికే వస్తుంది. పాటలన్నీ ఎనిమిదిన్నర గంటల్లో కట్టేశానని వాన్ వ్లీట్ చెప్పుకున్నారు. అన్ని నెలల సాధన ముందు ఆ మాట నిలవదు. ఫ్రెంచ్‌ను పంపించాక, 1970 నాటి ‘లిక్ మై డెకల్స్ ఆఫ్, బేబీ’కి ఇదే బాధ్యత గిటారిస్ట్ బిల్ హార్కిల్‌రోడ్ మోశారు. ఒట్టి రాతపనే అయితే, అంతటి వాద్యకారుడు దాన్ని తలకెత్తుకోవలసిన అవసరం ఏముంది?

ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదన్నది మరో అభ్యంతరం. పక్కవాద్యకారుల విభాగాన్ని మీరు అమ్మకాల కోసం తెరవలేదు. పైగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010 జాబితాలో ఈ ఆల్బమ్‌ను నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకి తీసుకుంది. ఒక దేశం దాచుకోదగ్గదని ఎంచిన సంగీతాన్ని వాయించదగ్గ రూపానికి తెచ్చిన మనిషికి మీ దగ్గర చోటు లేకపోవడం నాకు సబబుగా తోచడం లేదు.

ఆ పక్కవాద్యకారుల విభాగానికే ఇప్పుడున్న పేరైన మ్యూజికల్ ఎక్సలెన్స్ అవార్డుకు జాన్ ఫ్రెంచ్‌ను ఎంపిక చేయండి. ప్రశంసాపత్రంలో డ్రమ్మర్ అని రాసి ఆపేయకండి. పాటలను కూర్చి, బ్యాండ్‌కు నేర్పినవారని కూడా రాయండి.