ముందు ల్యాప్‌లు, బండి తర్వాత
నగరవీధి / నాంపల్లి వాసి

అబిడ్స్‌లో రెడీమేడ్ దుకాణం నడిపే మిత్రుడొకాయన మొన్న ఒక కొటేషన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పద్నాలుగేళ్ల కొడుక్కి రేసింగ్ కార్ట్ కొంటాడట. ఇటలీ ఛాసిస్, ఆస్ట్రియా ఇంజను, రెండు సెట్ల టైర్లు, తోసుకెళ్లే స్టాండు, హెల్మెట్, సూటు. అడుగున వేసిన మొత్తానికి ఇంటిల్లిపాదీ ఎక్కే కారొకటి వస్తుంది. "అబ్బాయి ఇప్పటిదాకా ట్రాక్ మీద ఎంతసేపు నడిపాడు?" అని అడిగాను. ఎవరో స్నేహితుడి పుట్టినరోజుకు ఓసారి, వేసవి సెలవుల్లో ఇంకోసారి. అంతా కలిపినా గంట లేదు.

"అయితే కొనకు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్. తన కొడుకూ అంతవాడు అవుతాడని ఆయన ఆశ పెట్టుకుంటే నేను అడ్డుపుల్ల వేశానన్నమాట. అబ్బాయి వెళ్లాల్సింది కార్టింగ్ దారినే, అందులో నాకూ అనుమానం లేదు. హామిల్టన్, వెర్‌స్టాపెన్ అందరూ కార్ట్ సీట్లోంచి లేచినవాళ్లే. వెర్‌స్టాపెన్ 2013లో గేర్లున్న కార్టుల ప్రపంచ ఛాంపియన్. ఏర్టన్ సెన్నా అంతటివాడు కార్టింగ్ ప్రపంచ పోటీల్లో 1979లో, 1980లో రెండో స్థానంతోనే సరిపెట్టుకున్నాడు. ఆ టైటిల్ ఆయనకు చివరిదాకా దక్కలేదు. అంత కఠినమైన ఆటకు మా మిత్రుడు చెక్కుబుక్కుతో మొదలుపెడదామనుకున్నాడు. అక్కడే నాకు పేచీ.

టికెట్ కొని పది రౌండ్లు తిరిగే బండీ, పోటీల్లో దిగే బండీ చూడ్డానికి ఒకే జాతి. కూర్చుంటే తేడా తెలుస్తుంది. అద్దె కార్టులో సాధారణంగా ఉండేది ఫోర్ స్ట్రోక్ ఇంజను, నీళ్ల పంపులకూ జనరేటర్లకూ వాడే హోండా జీఎక్స్ రకం. ఆరున్నర లేదా తొమ్మిది హార్స్ పవర్. చుట్టూ ప్లాస్టిక్ బంపర్లు. ఎవడు ఎలా గుద్దినా ఓర్చుకునేలా బరువుగా కడతారు. పోటీ కార్టులో మన దేశంలో ఎక్కువగా కనిపించేది రోటాక్స్ మ్యాక్స్. 125 సీసీ టూ స్ట్రోక్, నీళ్లతో చల్లబడేది. సీనియర్ తరగతిలో దాదాపు 30 హార్స్ పవర్. డ్రైవరుతో కలిపి మొత్తం బరువు 160 కిలోల ప్రాంతం. మన పాత మారుతి 800కు 37 హార్స్ పవర్ ఉండేది, మోయాల్సిన బరువు 650 కిలోలు. ఇక లెక్క మీరే వేసుకోండి.

ఆ బండికి సస్పెన్షన్ ఉండదు. గొట్టాలతో కట్టిన ఛాసిస్సే ఒంగుతుంది, లేస్తుంది, ఆ పని అదే చేస్తుంది. ఈ తరగతుల్లో ముందు చక్రాలకు బ్రేకు లేదు. సీటు బెల్టూ లేదు. ఇది విని తల్లులు గుండె పట్టుకుంటారు గానీ, నెత్తిన ఇనుప పంజరం లేని బండిలో బెల్టు కట్టుకుంటే, అది తిరగబడినప్పుడు మనిషి దాని కింద ఉండిపోతాడు. విసిరేసినా సరే బయట పడటమే నయమని పోటీ కార్టుల్లో బెల్టు పెట్టరు. అద్దె కార్టుల్లో కొన్నిటికి రోల్ బార్ ఉంటుంది, అందుకని వాటికి బెల్టూ ఉంటుంది. ఏది ఎందుకుందో తెలియకుండా ఎక్కడం మంచిది కాదు.

అన్నిటికన్నా చిత్రం వెనక ఇరుసు. కారులో అయితే మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. కార్టులో అది లేదు. రెండు వెనక చక్రాలూ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాలి. మరి మలుపు ఎలా తిరుగుతుంది? స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాల కోణం వల్ల ఛాసిస్ మెలిపడి, లోపలివైపు వెనక చక్రం నేల వదిలి లేస్తుంది. మరీ ఎక్కువేం కాదు, కిందినుంచి ఒక కాగితం దూరేంత. ఆ ఒక్క క్షణం బండి మూడు చక్రాల మీద ఉంటుంది. చక్రం లేవకపోతే బండి ముక్కు తిరగదు, టైరు ఈడ్చుకుంటూ పోతుంది, ఇంజను ఊపిరి బిగబట్టినట్టు మూలుగుతుంది. మరీ ఎక్కువ లేస్తే వేగం పోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పాలి, బ్రేకు ఎక్కడ వదలాలి, ఒళ్లు ఎంత బిగించాలి అన్నది ఆ కాగితమంత సందు చూసుకుంటుంది. అది డ్రైవరుకు నడుము దగ్గర తెలుస్తుంది. వందల ల్యాప్‌లు తిరిగినవాడికి తెలుస్తుంది. గంట నడిపినవాడికి కొటేషన్‌లోని ఏ వస్తువూ దాన్ని తెచ్చిపెట్టదు.

అందుకే మా మిత్రుడికి చెప్పిన పద్ధతి ఇది. ముందు కొన్ని నెలలు అద్దె బండ్లే. ఊళ్లో ఉన్న ట్రాకులన్నీ చుట్టబెట్టకుండా ఒక్కదాన్నే పట్టుకోవాలి, రద్దీ లేని మామూలు రోజుల్లో వెళ్లాలి. రైడ్ అయ్యాక ఇచ్చే ల్యాప్ టైముల చీటీ పారేయకూడదు. అందరూ అందులో వేగమైన ల్యాప్ చూసి ఫొటో తీసి స్టేటస్ పెడతారు. చూడాల్సింది మిగతావి. పది ల్యాప్‌లూ అర సెకను తేడాలో ఉంటే వాడికి చెయ్యి కుదిరినట్టు. ఒకటి మెరిసి, తొమ్మిది చెదిరితే అది అదృష్టం. ఇంకోమాట, బరువు. అద్దె బండిలో యాభై కిలోల కుర్రాడు ఎనభై కిలోల నాన్నను దాటేస్తే అందులో ఘనత ఏమీ లేదు. పోటీల్లో కనీస బరువు లెక్క ఉంటుంది. తేలికపాటి డ్రైవర్ల సీటుకు సీసం బిళ్లలు బోల్టులతో బిగించి మరీ తూస్తారు.

ఆ తర్వాత ఏదైనా టీమ్ దగ్గర రోజు లెక్కన పోటీ కార్ట్ అద్దెకు తీసుకుని నడపాలి. పక్కటెముకలు ఎందుకు నొప్పెడతాయో, రిబ్ ప్రొటెక్టర్ అన్న వస్తువు ఎందుకుందో ఆ సాయంత్రానికి అర్థమవుతుంది. పోటీ దాకా వెళ్లాలంటే వైద్య పరీక్షతో పాటు దేశంలో మోటార్ రేసుల్ని చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి. సొంత బండి మాట అప్పుడు, అదీ సెకండ్ హ్యాండ్‌లో.

సొంత బండి కొన్నాక ఖర్చు ఆగుతుందనుకుంటే పొరపాటు. టైర్లు అరుగుతాయి, ఇంజను నిర్ణీత గంటలకు విప్పి బాగు చేయించాలి. ఇక్కడ మాత్రం మన ఊరికి ఓ సౌకర్యం ఉంది. ఆర్‌ఎక్స్ 100ను కన్నబిడ్డలా చూసుకున్న నగరమిది. యమహా ఆ బండిని 1996లో ఆపేసినా టూ స్ట్రోక్ నాడి పట్టగల ఉస్తాదులు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకాయన్ని కార్బొరేటర్ జెట్ గురించి అడిగాను. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, గాలి కాస్త పల్చన. ఇక్కడ బాగా నడిచే జెట్‌తోనే చెన్నై దగ్గర ఇరుంగట్టుకొట్టై ట్రాకుకు పోతే? ఉస్తాద్ రోటాక్స్ ఇంజను ఎన్నడూ విప్పలేదు. స్పార్క్ ప్లగ్ తుడుస్తూనే జవాబిచ్చాడు: "ఊపర్‌కెల్లి నీచే పోతే తేల్ జాస్తి తాగనియ్యాలె సాబ్. పెద్ద జెట్ ఎయ్యాలె. లేకుంటే ఇంజన్ గరమై పిస్టన్ సీజ్ అయితది." లక్షల ఇంజనుకైనా అదే సూత్రం. మన పిల్లలు ఈ గల్లీకి ఓ నెల రోజులు వచ్చి కూర్చున్నా చాలు, ఖరీదైన కోచింగుల్లో సగం ఇక్కడే దొరుకుతుంది.

ఇక భద్రత. 2020 అక్టోబరులో మన నగర శివారులోనే ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని కార్ట్ నడుపుతుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణం పోగొట్టుకుంది. నిండా ఇరవై ఏళ్లు. బైకు చక్రంలో చున్నీ చిక్కుకోవడం ఎంత ఘోరమో మనకు తెలుసు. కార్టులో ఇరుసు నడుము వెనకే, జానెడు దూరంలో గిర్రున తిరుగుతుంటుంది. కాబట్టి పిల్లల్ని తీసుకెళ్లే ప్రతి తల్లీ తండ్రీ టికెట్ కొనేముందు ఒక బండి వెనక వంగి చూడాలి. ఇరుసుకు, గొలుసుకు మూత ఉందా? తలకు తొడిగే గుడ్డ టోపీ ఇస్తున్నారా? జడను చొక్కా లోపలికి దోపమని చెప్పేవాళ్లున్నారా, లేక హెల్మెట్ పైపైన పెట్టి తోసేస్తున్నారా? గడ్డం కింద పట్టీ బిగించి వేలు పెట్టి చూసే మనిషి లేకపోతే వెనక్కి తిరిగి వచ్చేయండి. డబ్బులు ముందే కట్టేశామన్న మొహమాటం వద్దు. నా మట్టుకు నేను, చెప్పులతో వచ్చినవాణ్ని కూడా ట్రాక్ మీదికి పంపే చోట నా మనిషిని ఎక్కనివ్వను.

ఇంత చెప్పాక మా మిత్రుడు అసలు ప్రశ్న వేశాడు. "వారానికోసారి తిప్పాలంటే ఎక్కడ తిప్పను? దుకాణం కట్టేసి కొంపల్లి వైపో శంషాబాద్ వైపో పోవాలి. పోను రాను సగం రోజు." దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ఉన్నదల్లా కోపం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 2013 నాటి ఇండియన్ గ్రాండ్ ప్రి తర్వాత దేశంలో జరిగిన ప్రపంచ స్థాయి కార్ల రేసు అదే. ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, లుంబినీ పార్క్ చుట్టూ 2.8 కిలోమీటర్ల సర్క్యూట్, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. ఆ గొడవలన్నీ పత్రికల మొదటి పేజీలో చదివారు, మళ్లీ ఎత్తను. ఆ సర్క్యూట్ నుంచి నాంపల్లి రెండు మూడు కిలోమీటర్లు. ఒక్కరోజు పండక్కి ఊరి నడిబొడ్డున రోడ్లు మూసిన నగరం, ఆ ఆటకు ఓనమాలు దిద్దించే చోటును మాత్రం శివార్లకు వదిలేసింది. హైదరాబాదీ అనిందిత్ రెడ్డి 2016, 2017 సంవత్సరాల్లో యూరో జేకే రేసింగ్ టైటిళ్లు గెలిచాడు. కుటుంబానికి స్తోమత ఉన్నవాడు, అందులో దాచేదేం లేదు. స్తోమత లేని అనిందిత్‌లు ట్రూప్ బజార్‌లో బోల్టులు అమ్ముతున్నారేమో ఎవరికి తెలుసు?

కార్టింగ్ పుట్టింది ట్రాక్ మీద కాదు. 1956లో కాలిఫోర్నియాలో రేసు కార్లు కట్టే ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రపు ఇంజను పెట్టి మొదటి కార్ట్ చేశాడు. దాన్ని తిప్పి చూసింది పాసడీనాలో, రోజ్ బౌల్ స్టేడియం పార్కింగ్ స్థలంలో. లాస్ వేగాస్‌లో రియో హోటల్ పార్కింగులో అడ్డుగోడలు పేర్చి ఏళ్ల తరబడి పెద్ద పోటీలు పెట్టారు. అంటే ఈ ఆటకు కావాల్సింది ఖాళీగా ఉన్న చదునైన జాగా. నాంపల్లిలో అది లేదా?

ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ 1946లో అక్కడికి మారింది. జనవరి ఒకటి నుంచి నెలన్నర మన ఊరంతా అక్కడే. మౌత్ కా కువాలో గోడ మీద మారుతి తిప్పేవాణ్ని చూసి నోరెళ్లబెడతాం, డ్యాషింగ్ కార్లలో గుద్దుకుని నవ్వుతాం. మిగతా పదిన్నర నెలల్లో ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా అందులో ఓ మూల కోన్లు పెట్టి మూడు వందల మీటర్ల దారి గీస్తే చాలు. కార్ట్ వెడల్పు 140 సెంటీమీటర్లకు మించదు, పొడవు ఆరడుగులు. ఎనిమిది మీటర్ల దారి దానికి రాజమార్గం. వేగం పెరగకుండా మలుపులు దగ్గర దగ్గరగా పెట్టొచ్చు. గేటు ముందే గాంధీభవన్ మెట్రో. అమీర్‌పేట పిల్లాడైనా హెల్మెట్ సంచీలో వేసుకుని రాగలడు.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. చుట్టూ ఇళ్లు, దగ్గర్లోనే ఆసుపత్రులు, టూ స్ట్రోక్ మోత కుదరదు. ఒప్పుకుంటాను, అక్కడ కరెంటు కార్టులే నడవాలి. ఫార్ములా ఈ తెచ్చిన ఊరికి ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలా? అంబులెన్సు, మంటలార్పే సిలిండర్లు, టైర్ల గోడ, హెల్మెట్ పట్టీ చూసే మనిషి ఉండి తీరాలి. వాటికయ్యే ఖర్చు ఒక్కరోజు రేసుకు పెట్టినదానిలో ఏ మూలకూ రాదు. స్టాళ్ల కోసం వేసిన గచ్చు ఎగుడుదిగుడు అంటారా, ఒక మూల తారు పోయించండి, నుమాయిష్‌కూ పనికొస్తుంది. వానాకాలం సంగతేమిటని ఎగ్జిబిషన్ సొసైటీ పెద్దలు అడగొచ్చు. పడనివ్వండి. బండ్లు తడిని తట్టుకునేవై, నీళ్లు నిలవకుండా, ఉరుములు లేకుండా ఉంటే చాలు. చిన్నప్పుడు వానలో ఓ పోటీ పోగొట్టుకున్న సెన్నా, ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా కార్ట్ తీసుకుని బయల్దేరేవాడట. తడి గచ్చు మీద బ్రేకు గట్టిగా తొక్కినవాడు గిర్రున తిరిగి కోన్లలో పడతాడు, లేచి మెల్లగా తొక్కడం నేర్చుకుంటాడు. అంత తక్కువ వేగంలో అంత ఎక్కువ నేర్పే రోజు ఎండాకాలంలో దొరకదు. జులై ఆదివారాల టికెట్లు ముందే అమ్ముడుపోతాయని నా అంచనా.