తప్పు నోటిదా, చెవిదా?



ఇటీవల మేము వనపర్తిలో నొక బంధుగృహమున రెండు దినము లుంటిమి. ఆ యింటి క్రొత్తకోడలు నాగరుకర్నూలు దాపుననున్న యొక పల్లెపడుచు. ఉదయమున నామె వాకిటికి వచ్చి, "అత్తమ్మా, నీల్లు కాగినయి" అని చెప్పెను. చదువుకొన్న యాడుబిడ్డ "నీల్లు కాదు వదినా, నీళ్లు!" అని పకపక నవ్వెను. ఇంటివారందఱు నవ్విరి. దాచనేల? మేమును నవ్వితిమి. ఆ పిల్ల తలవంచుకొని వంటయింటిలోనికి పోయెను. తరువాత మే మున్నంతకాలము నామె పలుకు మాకు వినబడలేదు. ఏమి యడిగినను తలయూచుటయే. ఇల్లు చేరిన పిదప గూడ నా వంచిన తల మా కన్నుల యెదుటనే నిలిచి యున్నది. కావున నీ మాసము మన నోటి హల్లులను గూర్చి ముచ్చటించుకొందము.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమల పల్లెలలో ళకారమునకు మాఱుగ లకారము పలుకుట పలుచోట్ల వినవచ్చును. నీళ్లు "నీల్లు" అగును, పెళ్లి "పెల్లి" అగును. ఇది సోమరితనము గాదు, మందబుద్ధియు గాదు. తల్లి యొడిలో నేది విన్నదో బిడ్డ దానినే పలుకును. నవ్విన మనము మాత్రము ప్రతి యక్షరమును పలుకుచున్నామా? "ఏఱు" అన్నచో నది; "ఏరు" అన్నచో బియ్యములో రాళ్లేరుట. ఈ రెండు రేఫములును పూర్వము వేఱువేఱు ధ్వనులు. పద్యమున ప్రాసస్థానమందు వీనిని కలుపరాదని లాక్షణికులు శాసించిరి. నేడు శకటరేఫమును వ్రాయువారమే గాని పలుకువారము గాము. మనలను చూచి నవ్వుటకు నాటివారు లేరు గాన బ్రదికితిమి.

ఇంకొకటి. "చీర" అని, వెంటనే "చాప" అని పలికి చూడుడు. మొదటి చకారమునకు నాలుక యంగిటిని తాకును. రెండవదానికి పండ్ల దాపునకు వచ్చును. దినమునకు నూఱుమార్లు పలుకుచున్నను ఈ భేదమును మనలో నెందఱు గమనించిరి? తరువాతి యచ్చునుబట్టి యది తనంతట మాఱును గనుక మన చెవి దానిని లెక్కగొనదు. చెవి తన భాషకు పనికివచ్చు భేదములనే పట్టుకొని తక్కినవానిని జారవిడుచును.

ఈ సంగతిని విశదపఱచినవాడు ఫ్రాంజ్ బోయాస్ అను పండితుడు. ఆ కాలమున తెల్లవారు అమెరికా ఆదిమజాతుల పలుకులను వ్రాసికొనుచు, ఒకే మాట యొకప్పు డొకవిధముగ, మఱియొకప్పుడు వేఱొకవిధముగ వినబడగా, "వీరి భాషలకు నిలుకడ లేదు" అని తీర్పు చెప్పుచుండిరి. బోయాస్ 1883లో ఉత్తరపు మంచుసీమయగు బాఫిన్ దీవికి పోయి యచటివారి మాటలను వ్రాసికొనెను. పిమ్మట తన పుస్తకములనే పరికింపగా, ఒకే మాటను తానే పలువిధముల వ్రాసియుండెను! పలికినవారి నోరు నిలుకడగనే యున్నది. వినువాడే తా నెఱుగని ధ్వనిని తా నెఱిగినవానిలో నొకప్పు డొకదానికి, ఒకప్పు డింకొకదానికి చేర్చుచున్నాడు. తప్పు చెవిదని 1889లో నాతడు ప్రకటించెను.

ఆ దేశపు భాషల హల్లులు మనకు వింతగొల్పును. మోహాకు భాషలో పెదవులు మూసి పలుకు ప, బ, మ లు లేవు. మేరీ యను పేరు వారినోట "వారి" యగును. మకారము లేనిదే అమ్మ యెట్లని యడుగుదురేమో. వారి బిడ్డలు "ఇస్తా" యని పిలిచి తల్లి చంక నెక్కుదురు. పెరూ దేశపు కూస్కో సీమలో కెచువా భాష పలుకుదురు. అందు "తంత" యన్న కూడిక, "థంత" యన్న చినిగినది. గొంతు బిగబట్టి తకారమును చిటుక్కున విడిచినచో రొట్టె! త, థ భేదము మన వర్ణమాలలోను గలదు. ఆ మూడవ తకారము మాత్రము మన చెవికి చిక్కదు. మన వంటయింటి టమాటాయు మెక్సికో వారి నావాటిల్ భాషలోని మాటయే. దాని తుద ట, ల లు ఒక్కటిగ కలిసిన హల్లుండెను. స్పెయిను వారి నోట నది రాలిపోయెను. అందులకై వారిని చూచి యెవ్వరును నవ్వలేదు.

నవ్వు నవ్వుగనే నిలిచిపోయిన బాగుండును. అమెరికాలో 1879 మొదలు 1918 వఱకు నడచిన కార్లైలు పాఠశాలలో ఆదిమజాతుల పిల్లలను తలిదండ్రులకు దూరముగ నుంచి, ఇంటిభాష పలుకరాదని నిషేధించిరి. అట్టి బడులు మఱియు ననేకములు. సిగ్గుపడిన బిడ్డలు పెద్దవారై తమ బిడ్డలకా పలుకు నేర్పరైరి. పెక్కు భాషలు క్షీణించెను. తుదకు 1979లో అక్వెసాస్నె యను చోట మోహాకు తలిదండ్రులు తమ పిల్లలకై తామే యొక బడి స్థాపించుకొనవలసి వచ్చెను.

మన యింటిలో నట్టి నిషేధము లేదందురా? కోడలి నోరు మూయించుటకు చట్ట మక్కఱలేదు, ఆడుబిడ్డ నవ్వు చాలును. నల్లమల నుండి అంగడికి వచ్చు చెంచుపడుచు తెలుగే పలుకుచున్నను, ఆమె యాసను వెక్కిరించువారు లేకపోలేదు. పిల్లలకు వ్రాతలో "నీళ్లు" అని తప్పక నేర్పుదము, అది బడిపని. కాని పలుకుచున్న నోటిని చూచి నవ్వకుందము. రేపా కోడలు తల్లి యగును. నోరు విప్పుటకు జంకు తల్లి బిడ్డకు జోల యెట్లు పాడును? కథ యెట్లు చెప్పును?

మేము మరల వనపర్తికి పోవనున్నాము. ఈసారి యా పిల్లనే ముందుగా పలుకరించి, ఆమె తెచ్చియిచ్చిన నీల్లు త్రాగుదుము.