కొర్రలు దంచిందెవరు?

పోషకాహారం చదివిన మనిషి ప్రకృతి వైద్యం వైపు నడిస్తే నాకే అభ్యంతరమూ లేదు. ఆ దారిలో ఆడవాళ్ల వంటగది వాళ్లకెలా కనపడుతోందన్నదే నా పేచీ.

డాక్టర్ ఖాదర్ వలీ గారినే తీసుకుందాం. మా పక్క కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టి, ఆహార శాస్త్రవేత్తగా పనిచేసి, మైసూరులో స్థిరపడి చిరుధాన్యాలతో ఆరోగ్యం గురించి ఊరూరా చెప్తున్నారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. మరిచిపోయిన కొర్ర, అండుకొర్ర, అరిక, సామ, ఊదల్ని మళ్లీ జనం నోళ్లలో నానేలా చేసిన మేలు ఆయనది, కాదనను. అయితే ఆయన లెక్కలో ఈ అయిదే సిరిధాన్యాలు. వరి, గోధుమ చెడ్డవి. రాగి, జొన్న, సజ్జ తటస్థం. సంగటి ముద్దతో కరువుల్ని ఈదిన అనంతపురం ఆడవాళ్లకి ఈ 'తటస్థం' ఎట్లా వినిపిస్తుందో! వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలే చెప్తున్నాయి.

తెల్లన్నం మోజులో కొర్రలు వదిలేశామని వేదికల మీద వాపోతుంటారు. అంత సులువా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే మా మెట్ట చేలల్లోకి మార్కెట్టు కోసం వేరుశనగ వచ్చి కూర్చుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని తిట్టే ముందు కొర్రలు దంచిందెవరో అడగాలి. గింజకి పొట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది. కోడికూతకి ముందే లేచి దంచి, చెరిగి, మళ్లీ దంచి, వండిపెట్టి, ఆ పైన కూలికి పోవాలి. రేషన్ బియ్యం ఆ భుజాలకి కాస్త తెరిపి ఇచ్చింది. ఆ తెరిపిని మోజు అనడం రోకలి పట్టని చేతులకే సాధ్యం.

ఇప్పుడు మళ్లీ కొర్రలు గంటల తరబడి నానబెట్టాలి, అంబలి రాత్రంతా పులియబెట్టాలి, ఆకుల కషాయం కాచాలి. ఇవన్నీ శ్రద్ధగా రాసుకునేదెవరు? మనమే. షుగరు ఆయనది, నానబెట్టే చెయ్యి ఆమెది. తగ్గితే వైద్యం గొప్పది. తగ్గకపోతే ఆమె సరిగ్గా చెయ్యలేదు.

సాహిత్యంలో పరిశోధన చేసినదానివి, నీకెందుకీ గింజల గొడవ అంటారు కొందరు. కథ ఎవరిది, చెప్తున్నదెవరు అని చూడటమే కదా నా చదువు! హోంసైన్సు అని చిన్నచూపు చూసిన ఆడపిల్లల చదువే మగవాడు మైకు ముందు చెప్తే వైద్యం అయిపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. వాళ్లకి కొర్రల మహిమ తెలియకనా? అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి ఏ ధాన్యం సిరిధాన్యం?

ఇంకో దారీ ఉంది. డాక్టర్ మెహతాబ్ బామ్జీ జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యాక మెదక్ జిల్లా పల్లెలకి వెళ్లారు. పెరటి కూరగాయలు, పెరటి కోళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆవిడ చుట్టూ జనం గుమిగూడే సభలు లేవు మరి.

మా వైపు చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ చొరవతో ఏర్పడిన ధరణి సహకార సంఘం రైతుల దగ్గర చిరుధాన్యాలు కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. అట్లాంటి మిల్లు మండలానికొకటి కావాలి. పొట్టు తీసిన కొర్రలు రేషన్ షాపులో బియ్యంలాగే దొరకాలి. ఈలోగా ప్రకృతి వైద్యులు తర్వాతి సభలో మగవాళ్లని ముందు వరసలో కూచోబెట్టి, అంబలి కాచడం వాళ్లకి నేర్పించవచ్చు.